ఊళ్ళో సీన్ లేదంటున్న తమ్ముడికి

అమలాపురం నుంచి ఒక తమ్ముడు అడిగిన ప్రశ్న ఇది: "హైదరాబాద్‌లో ఉన్నన్నాళ్ళు సొంత పాటలు చేసుకునే చిన్న బ్యాండ్ల వెంట తిరిగాను. లామకాన్ వేదికలో ప్రోగ్రాం ఉందంటే వదిలేవాణ్ణి కాదు. ఇప్పుడు వర్క్ ఫ్రమ్ హోమ్ కాబట్టి ఇంటికొచ్చేశాను. ఇక్కడ డీజే బాక్సులు తప్ప సీనే లేదు. ఇక్కడినుంచి ఆ బ్యాండ్లకు అభిమానిగా ఉండడం ఎలా? మన వైపు సంగీతానికి నాలాంటివాడు చేయగలిగింది ఏమైనా ఉందా? ఒక బ్యాండ్‌ను అమలాపురం తీసుకురావచ్చా?"

ఇవి మూడు ప్రశ్నలు. మధ్యదానికి ముందు చెబుతాను, నాకు బాగా తెలిసింది అదే కాబట్టి. పాలకొల్లులో నాకు క్యాసెట్ల షాపు ఉండేది. ఖాళీ క్యాసెట్, పాటల చీటీ తెస్తే రికార్డు చేసి ఇచ్చేవాణ్ణి. ఎంపీత్రీలు వచ్చాక ఆ వ్యాపారం పోయింది. వాయించేవాళ్ళ వెంట తిరిగే అలవాటు మాత్రం నాతోనే ఉండిపోయింది.

హైదరాబాద్‌లో నువ్వు బ్యాండ్ పేరు చూసి వెళ్ళేవాడివి. ఇక్కడ ఆ పద్ధతి పనికిరాదు. స్టేజీ వెనక బ్యానర్ మీద ఉండే ఆర్కెస్ట్రా పేరు దాని ఓనరుది. వాయించే మనుషులు రోజుకో చోట ఉంటారు. శుక్రవారం రావులపాలెంలో ఒక బ్యానర్ కింద కీబోర్డు వాయించిన కుర్రాడే ఆదివారం తణుకులో ఇంకో బ్యానర్ కింద కనిపిస్తాడు, డిసెంబర్ 24 రాత్రి చర్చిలో కనిపిస్తాడు. బ్యాండ్‌ను వెతికితే నీకు సీన్ కనపడదు, మనిషిని పట్టుకుంటే కనపడుతుంది. ఆ మనిషి పేరు తెలుసుకోవడం ఎలా అన్నదే అసలు చిక్కు. మన తీర్థాల్లో, సంబరాల్లో మైకులో దాతల పేర్లు అరగంట చదువుతారు. గాయనీగాయకుల పేర్లు ఒకసారి చెబుతారు. డోలు వాయించినాయన పేరు, ప్యాడ్స్ (ఎలక్ట్రానిక్ డ్రమ్స్) వాయించిన కుర్రాడి పేరు రాత్రి గడిచినా వినపడవు. కరపత్రంలో 'ప్రముఖ వాద్య బృందంచే' అని ఒక ముక్క ఉంటుంది, అంతే.

అందుకని నీకు నేను చెప్పే మొదటి పని: ప్రోగ్రాం అయ్యాక దగ్గరికెళ్ళి పేరు అడుగు. ఏ ఊరు, ఎవరి దగ్గర నేర్చుకున్నారు, మళ్ళీ ఎక్కడ వాయిస్తున్నారు అని అడిగి ఒక పుస్తకంలో రాసుకో. ఫోన్‌లో కాంటాక్టుగా వేసుకుంటే రెండేళ్ళకు 'సన్నాయి రాజోలు', 'సన్నాయి రాజోలు 2' అని మిగులుతాయి తప్ప ఏ రాత్రి ఏం వాయించారో గుర్తుండదు. సొంత డబ్బుతో, సొంత పద్ధతిలో నడిచే బ్యాండ్లు ఎక్కడ బతికినా వాటి వెనక ఇలా రాసుకునేవాళ్ళు, దాచుకునేవాళ్ళు ఉన్నారు. అమెరికాలో గ్రేట్‌ఫుల్ డెడ్ బ్యాండ్ కచేరీలను అభిమానులు సొంతంగా టేప్ చేసుకునేవారు. 1984లో ఆ బ్యాండే వాళ్ళకోసం హాల్లో విడిగా చోటు కేటాయించింది. వాషింగ్టన్ బ్యాండ్ ఫుగాజీ టికెట్టు 5 డాలర్ల దగ్గర ఉంచాలని పట్టుబట్టిన బ్యాండ్. వాళ్ళవి 800కు పైగా కచేరీల రికార్డింగులు ఉన్నాయి, 2011 నుంచి వాటిని ఒక్కొక్కటిగా నెట్‌లో పెడుతూ వచ్చారు. ఏ రాత్రి, ఏ ఊరు, ఏ పాట అన్న లెక్క అందులో ఉంది. మన దగ్గర సన్నాయి మేళానికి అలాంటి లెక్క రాసే దిక్కే లేదు.

ఇక ఎక్కడ వినాలి. నా దృష్టిలో డెల్టాలో ఈ రోజుకీ అన్నిటికన్నా గట్టి సంగీతం సన్నాయి మేళానిదే. దురదృష్టం ఏమిటంటే అది అందరి చెవిన పడుతుంది, ఎవరూ వినరు. పెళ్ళిలో జీలకర్ర బెల్లం వేళకు గట్టిమేళం మోగాలి, అది పురోహితుడి చేయి పైకి లేవగానే మొదలై ఆగిపోయే పని, అక్కడ వాళ్ళ విద్య తెలియదు. ముహూర్తం అయిపోయి జనం భోజనాలకు లేచిన తర్వాత కూర్చో. ఫొటోగ్రాఫర్లు పెళ్ళికొడుకును పట్టుకుని ఉంటారు, మేళాన్ని ఆపమనేవాడు ఉండడు, ఫలానా సినిమా పాట వాయించమనేవాడు ఉండడు. అప్పుడు వాళ్ళు వాళ్ళకోసం వాయించుకుంటారు. ఒక రాగం ఎత్తుకుని, తీరిగ్గా మెట్టు మెట్టు ఎక్కుతూ, మధ్యలో డోలాయన వంక చూసి నవ్వుతూ. ముందు వరుసలో ఒక్క మనిషి కుర్చీ తిప్పుకుని వింటున్నాడని తెలిస్తే ఆ వాయించడమే మారిపోతుంది. కల్యాణి ఎత్తుకున్నాక నువ్వు తల ఊపావనుకో, తోడి దాకా వస్తారు. రాగం పేరు తెలియకపోయినా సిగ్గుపడనక్కర్లేదు, 'ఇందాక వాయించింది ఏ రాగమండీ' అని అడిగితే చెప్పని సన్నాయి విద్వాంసుణ్ణి నేను చూడలేదు.

గుడి ఉత్సవాల్లో అయితే ఊరేగింపు వెంట నడువు. వాహనం వీధి మలుపు తిరగడానికి, కరెంటు తీగలు ఎత్తడానికి ఆగుతుంది కదా, ఆ ఆగడంలోనే మంచి ఆలాపన వస్తుంది. రాత్రి పవళింపు సేవ వేళ నీలాంబరి రాగం వినడానికి మాత్రం ఓపిక కావాలి, అప్పటికి గుళ్ళో పదిమంది కూడా ఉండరు. అంతర్వేదిలో మాఘ శుద్ధ దశమి రాత్రి కల్యాణం, మర్నాడు భీష్మ ఏకాదశికి రథం. రథం నాడు నేలంతా జనమే, ఏమీ వినపడదు. వినడానికైతే ఆ ముందు, వెనక రోజులే మేలు. కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి వెళ్ళే ఉంటావు. పదకొండు ఊళ్ళ రుద్రులు అక్కడ చేరతారు. మనవాళ్ళు ప్రభల్ని, అంటే వెదురుతో కట్టి అలంకరించి భుజాల మీద మోసుకొచ్చేవాటిని, ఫోన్‌లో తీసుకుంటారు. కౌశిక ఏటి నీళ్ళలోంచి ప్రభను దాటిస్తుంటే ఒడ్డున డప్పుల వేగం ఎలా మారుతుందో ఈసారి గమనించు. మోసేవాళ్ళ అడుగు పట్టి నడిపేది ఆ వేగమే. ప్రభ ఒరిగితే డప్పు పెరుగుతుంది.

పద్యనాటకాలకు కూడా వెళ్ళు. నీ వయసువాళ్ళు నవ్వుతారని తెలుసు. రాత్రి మొదలై తెల్లారేదాకా ఆడే రోజులు తగ్గాయి కానీ శ్రీరామనవమి పందిళ్ళలో, ఊరి అమ్మవారి జాతరల్లో ఇంకా ఆడిస్తున్నారు. భీమవరం మావుళ్ళమ్మ ఉత్సవాల్లో సంక్రాంతి నుంచి కొన్ని వారాల పాటు సాయంత్రం సాయంత్రం ప్రోగ్రాంలు ఉంటాయి, హరికథలు, నాటకాలు వాటిలో ఉంటాయి. నటుడు పద్యం చివర రాగం తీస్తున్నప్పుడు అందరూ ఆయన మొహం చూస్తారు. నువ్వు హార్మోనిస్టును చూడు. నటుడు ఎక్కడికి వెళ్ళబోతున్నాడో ఆయన వేళ్ళకు ఒక క్షణం ముందే తెలుస్తుంది. గొంతు అలిసిందని తెలిస్తే తానే ముందుకొచ్చి నాలుగు సంగతులు వేసి ఊపిరి తీసుకునే వ్యవధి ఇస్తాడు. జనం 'వన్స్‌మోర్' అని అరిచేది నటుడి కోసం. ఆ వన్స్‌మోర్‌లో సగం హార్మోనిస్టుదని తెలిసినవాళ్ళు నాటకాల పిచ్చోళ్ళలో కూడా తక్కువే. హరికథ మీద ఆసక్తి పుడితే కపిలేశ్వరపురంలో సర్వారాయ హరికథా పాఠశాల ఉంది, అక్కడ నేర్చుకున్న అమ్మాయిలు చెప్పే కథలు మన చుట్టుపక్కల గుళ్ళలోనే జరుగుతాయి. జాతరల్లో ఆడే గరగలు, వీరనాట్యం సంగతి వేరే రాయాలి, వాటి దరువుల గురించి మాట్లాడే అర్హత నాకు అంత లేదు.

చర్చిని మరిచిపోకు. నరసాపురం వైపు 1836లోనే మిషనరీలు వచ్చి స్థిరపడ్డారు, గోదావరి డెల్టా మిషన్ అప్పటిది. ఆ తర్వాత తరాలుగా ఆదివారం ఆదివారం పాడే అలవాటు ఊరూరా పాకింది. ఈ రోజు డెల్టాలో కీబోర్డు, ప్యాడ్స్, బేస్ గిటార్ బాగా వాయించే కుర్రాళ్ళలో చాలామంది చెయ్యి తిరిగింది చర్చిలోనే. ఎందుకో ఆలోచిస్తే తేలికే. వారం వారం వాయించాలి, తప్పు పోయినా ఎవరూ బయటికి పంపరు, వాయిద్యం సంఘం కొనిపెడుతుంది. హైదరాబాద్ బ్యాండ్లు ప్రాక్టీసు రూముకు గంటకింతని అద్దె కడతాయి. ఇక్కడ కుర్రాడికి అది ఊరికే దొరుకుతోంది. సొంతంగా కట్టిన పాట వినాలన్నా ముందు వినపడేది అక్కడే. క్రిస్మస్‌కు కొత్త పాట రాసి, బాణీ కట్టి, రికార్డు చేసి యూట్యూబ్‌లో పెట్టే సంఘాలు కోనసీమలో బోలెడు. నువ్వు వెతికే 'సొంత పాటలు చేసుకునే బ్యాండ్' నిర్వచనానికి అవి అతికినట్టు సరిపోతాయి, పేరు అలా పెట్టుకోలేదంతే.

డీజే మీద నీకున్న కోపం నాకంత లేదు. ఆర్కెస్ట్రాలను కొట్టింది డీజే ఒక్కడే కాదు. అంతకు ముందే ట్రాకులు వచ్చాయి. ఒకప్పుడు స్టేజీ మీద తబలా, ఫ్లూట్, గిటార్, డ్రమ్స్, కీబోర్డు, మొత్తం ఒక వ్యాన్ నిండా మనుషులు వచ్చేవారు. పెన్‌డ్రైవ్‌లో వాద్యాల ట్రాక్ పెట్టి దానిమీద పాడేస్తే ఇద్దరు గాయకులు, ఒక ల్యాప్‌టాప్‌తో పనైపోతుందని ఓనర్లకు తెలిసిపోయింది. వేదిక కమిటీకి తేడా తెలియదు. తేడా తెలిసినవాడు కమిటీలో ఒక్కడుంటే చాలు, 'ట్రాకులు వద్దు, లైవ్ కావాలి' అని బయానా ఇచ్చేటప్పుడే చెప్పించవచ్చు. రేటు పెరుగుతుంది. దానికి చందా నువ్వే ముందు రాయి.

అన్నిటికన్నా నీ చేతిలో ఉన్న పెద్ద అవకాశం నీ ఇంట్లో పెళ్ళి. చెల్లెలిదో, బాబాయి కూతురిదో. అక్కడ మేళం ఎవరిదో నిర్ణయించే మాట నీది కావచ్చు. ఈవెంట్ వాళ్ళకు మొత్తం అప్పగిస్తే వాళ్ళు ప్యాకేజీలో ఎవరో ఒకర్ని తెస్తారు, మధ్యలో కొంత మిగుల్చుకుంటారు. నీ పుస్తకంలో ఉన్న మనిషికి నేరుగా ఫోన్ చెయ్యి. మేళం పెద్దతో మాట్లాడు, ఎంతమంది వస్తారో, రెండు సన్నాయిలా, రెండు డోళ్ళా, తేల్చుకో. డబ్బు ఆయన తీసుకుని పంచుకుంటారు, ఆ పంపకంలో నువ్వు వేలు పెట్టకు. రెండు విషయాలు మాత్రం చూసుకో. వాళ్ళు కూర్చున్న వైపు డీజే బాక్సు మొహం తిప్పి ఉండకూడదు. రెండోది భోజనం. మేళం వాళ్ళు అందరికన్నా చివర తింటారు, అప్పటికి పప్పు, పెరుగు మిగులుతాయి. వాళ్ళను పంక్తిలో కూర్చోబెట్టి పూతరేకులు వడ్డించిన ఇంటి పెళ్ళి గురించి మేళాల్లో ఏళ్ళ తరబడి చెప్పుకుంటారు, ఇది నా చెవులారా విన్నదే.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. సన్నాయి, డోలు, డప్పు కులవృత్తులుగా వచ్చినవి. మన పెద్దల్లో చాలామంది ఆ వాయించేవాళ్ళను ఏకవచనంతో పిలిచేవారు, డెబ్భై ఏళ్ళాయనను కూడా. ఇప్పటికీ కొన్ని ఇళ్ళలో అదే పిలుపు. నువ్వు గారు అని పిలు, మాస్టారూ అను. మీ ఇంట్లో ఎవరైనా మొహం చిట్లిస్తే చిట్లించనీ. కచేరీలో ముందు వరుసలో కూర్చుని చప్పట్లు కొట్టి, బయటికొచ్చాక 'ఏరా' అని పిలిచేవాణ్ణి నేను అభిమాని లెక్కలో వెయ్యను.

రికార్డింగ్ గురించి కూడా అడుగుతావు, చెబుతాను. అనుమతి అడిగాకే. ఫోన్ పట్టుకుని డోలు ముందు నిలబడితే వచ్చేది కరకరలాడే చప్పుడే. డోలుకు ఒకవైపు కర్ర, రెండోవైపు వేళ్ళకు తొడుగులు, ఆ దెబ్బ ఫోన్ మైకు తట్టుకోలేదు. దాన్ని తగ్గించడానికి ఫోన్ మొత్తం శబ్దాన్నే నొక్కేస్తుంది, సన్నాయి లోపలికి వెళ్ళిపోతుంది. పది పన్నెండు అడుగులు వెనక్కి జరుగు, సన్నాయి వెడల్పాటి కొస నీ వైపు కాస్త తిరిగి ఉండేలా పక్కగా నిలబడు. చిన్న చేతి రికార్డర్ ఒకటి కొనుక్కుంటే మంచిది, జూమ్ కంపెనీవి ఎక్కువమంది వాడతారు. డోలు గట్టిగా మోగినప్పుడు కూడా లెవెల్ మైనస్ 12 డెసిబెల్స్ చుట్టుపక్కల ఉండేలా పెట్టుకో, వేవ్ ఫార్మాట్‌లోనే తీసుకో. ఆర్కెస్ట్రా అయితే మిక్సర్ నుంచి లైన్ ఇస్తారేమో అడుగు. ఆ లైన్‌లో కీబోర్డు, గొంతు బాగుంటాయి, డ్రమ్స్, డోలు లాంటివి సన్నగా వినపడతాయి. వాటి సొంత చప్పుడే హాలుకు సరిపోతుంది కాబట్టి మిక్సర్‌లో వాటిని తక్కువ పెడతారు. అందుకే లైన్ ఒకటి, హాల్లో రికార్డర్ ఒకటి తీసుకుని ఇంటికొచ్చి కలుపుకోవాలి. ఫైలు పేరులో తేదీ, ఊరు, వాయించినవాళ్ళ పేర్లు వెంటనే రాయి. 'న్యూ రికార్డింగ్ 47' అని వదిలేస్తే అది ఎవరికీ పనికిరాదు.

యూట్యూబ్‌లో పెట్టేముందు ఇది తెలుసుకో. ఆర్కెస్ట్రా సినిమా పాట వాయిస్తే ఆ పాట హక్కుదారు కంపెనీకి కంటెంట్ ఐడీ (పాటను దానంతటదే గుర్తుపట్టే యూట్యూబ్ ఏర్పాటు) ద్వారా తెలిసిపోతుంది, ప్రకటనల మీద వచ్చే పైసలు వాళ్ళకు పోతాయి, ఒక్కోసారి వీడియోనే ఆపేస్తారు. పాతకాలపు కీర్తన, ఊరి పదం, కుర్రాళ్ళ సొంత పాట అయితే ఆ గొడవ ఉండదు. వాళ్ళ సొంత ఛానెల్లో పెట్టించు, నీ ఛానెల్లో వద్దు. ప్రకటనల ఆదాయం రావాలంటే ఒక దారిలో 1000 మంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో 4000 గంటలు చూసిన లెక్క కావాలి. ఆ గంటలు నీ పేరు మీద పోగుపడితే వాయించిన మనిషికి ఒరిగేదేమీ లేదు. వివరణలో ప్రతి వాద్యకారుడి పేరు రాయి. అదే వాళ్ళకు రేపటి బయానా తెస్తుంది.

చట్టం భయం కొందరికి ఉంటుంది. పెళ్ళిలో, పెళ్ళి ఊరేగింపులో, దేవుడి ఉత్సవంలో పాటలు వాయించడానికి కాపీరైట్ లైసెన్సు అక్కర్లేదు, 1957 చట్టంలోని 52వ సెక్షనే ఆ మినహాయింపు ఇచ్చింది. టికెట్టు పెట్టి సినిమా పాటల ప్రోగ్రాం చేస్తే మాత్రం పాటల రచయితలు, సంగీత దర్శకుల తరఫున రాయల్టీ వసూలు చేసే ఐపీఆర్‌ఎస్ లాంటి సంస్థ దగ్గర లైసెన్సు తీసుకోవాలి. సొంత పాటల బ్యాండ్ అయితే ఆ బాధ చాలామటుకు తప్పుతుంది.

ఇప్పుడు నీ మొదటి ప్రశ్న, హైదరాబాద్ బ్యాండ్ల సంగతి. దీనికి పెద్ద రహస్యమేమీ లేదు, డబ్బు వాళ్ళకు చేరే దారిలో ఖర్చుపెట్టు. స్పాటిఫైలో వింటే సరిపోతుంది అనుకుంటున్నావేమో. 2024 నుంచి అక్కడ ఒక పాట పన్నెండు నెలల్లో 1000 సార్లు వినపడకపోతే దానికి రాయల్టీ ఏమీ రాదు. చిన్న బ్యాండ్లలో చాలా పాటలు ఆ గీత దగ్గరే కొట్టుకుంటాయి. అందుకే నచ్చిన బ్యాండ్ ఒక్కటి ఉంటే దాని పాటలన్నీ వరసగా వినడం కూడా ఒక పనే. బ్యాండ్లు నేరుగా పాటలు అమ్ముకునే సైట్ బ్యాండ్‌క్యాంప్‌లో ఉంటే అక్కడ కొను, డిజిటల్ అమ్మకంలో ఆ సైట్ తీసుకునేది 15 శాతం, టీషర్టుల్లాంటి వాటి మీద 10 శాతం. మిగతాది పేమెంట్ ఖర్చులు పోను బ్యాండ్‌కే. అక్కడ లేకపోతే వాళ్ళకే మెసేజ్ పెట్టి యూపీఐ చెయ్యి, మొహమాటపడతారు కానీ తీసుకుంటారు. కచేరీ చూడాలనిపిస్తే రాజమండ్రి దాకా బస్సులో వెళ్తే అక్కడి నుంచి రాత్రి గౌతమి ఎక్స్‌ప్రెస్ రైలు ఉంది. కోటిపల్లి, నరసాపురం రైలు లైను పూర్తయ్యేదాకా కోనసీమ వాళ్ళకు ఈ బస్సు ప్రయాణం తప్పదు.

ఇంకో సంగతి. బాలమురళీకృష్ణ గారు 1930లో పుట్టింది రాజోలు దగ్గర శంకరగుప్తంలో. కీరవాణి గారు పుట్టింది కొవ్వూరులో. కాకినాడ యంగ్‌మెన్స్ హ్యాపీ క్లబ్‌లో నాటకాలాడినవాళ్ళలో ఎస్.వి.రంగారావు, అంజలీదేవి ఉన్నారు. పేరొచ్చాక అందరూ మద్రాసో, హైదరాబాదో వెళ్ళారు, వెళ్ళాలి కూడా. మనవాళ్ళు వెళ్ళినవాళ్ళకు సన్మానాలు చేస్తారు. ఊళ్ళో ఉండిపోయిన వయొలిన్ మాస్టారికి ఒక మధ్యాహ్నం కచేరీ పెట్టరు. కాకినాడ సరస్వతీ గానసభ నూరేళ్ళు దాటి నిలబడింది కదా, ఏటా వచ్చి కూర్చునేవాళ్ళు ఉండబట్టే. మీ ఊరికి అంత పెద్దది అక్కర్లేదు. మీ ఇంటి హాలు చాలు.

అందుకే మూడో ప్రశ్నకు నా జవాబు: తీసుకురా, కానీ చిన్నగా మొదలుపెట్టు. మొదటిసారే నలుగురైదుగురి బ్యాండ్, సౌండ్ సెట్, లైట్లు, కల్యాణమండపం అంటే ఖర్చు చూసి రెండోసారి చెయ్యవు. గిటార్ పట్టుకుని పాడే ఇద్దర్ని పిలువు. ముప్ఫై నలభై మంది పట్టే గది, కింద తివాచీలు, మైకు లేకుండా. లండన్‌లో సోఫార్ అనే సంస్థ 2009లో ఇళ్ళలో ఇలాంటివే మొదలుపెట్టి ఎన్నో నగరాలకు తీసుకెళ్ళింది. మనకు అది కొత్తేమీ కాదు, అరుగు మీద హరికథ పెట్టిన ఊళ్ళే మనవి. వచ్చేవాళ్ళ దగ్గర ముందే డబ్బు తీసుకో, ఊరికే అయితే ముప్ఫైమంది వస్తామని ఎనిమిదిమంది వస్తారు. వచ్చిన డబ్బు ఎంత, ఖర్చెంత, బ్యాండ్‌కెంత ఇచ్చావు అన్నది అందరికీ వాట్సాప్‌లో పెట్టు. మన ఊళ్ళలో రెండో ప్రోగ్రాం జరగాలంటే మొదటిదాని లెక్క బయటికి రావాలి.

వాళ్ళతోపాటు అదే రోజు మన మనుషులు ఇద్దర్ని కూర్చోబెట్టు. ముందు అరగంట సన్నాయి, డోలు, తర్వాత వాళ్ళు, చివర్లో వీలైతే కలిసి ఒకటి. ఇలా కలిపితే ఎలా ఉంటుందో అని టెన్షన్ పడకు, శ్రుతి ఒక్కటి ముందు రోజు మాట్లాడుకోవాలి. సన్నాయికి దాని శ్రుతి దానికుంటుంది, అడిగినప్పుడల్లా మారదు, గిటారే సర్దుకోవాలి. క్యాపో (గిటార్ తీగల్ని ఒకచోట నొక్కిపట్టి శ్రుతి మార్చే క్లిప్పు) పెట్టుకుంటే ఆ కుర్రాళ్ళకు పెద్ద కష్టం కాదు. సన్నాయాయనకు ఇచ్చే డబ్బు హైదరాబాద్ వాళ్ళకు ఇచ్చేదానికి తగ్గకూడదు. బయటివాళ్ళకు దండలు, మనవాళ్ళకు 'తర్వాత చూద్దాం లెండి' అనేది నాకు పరమ చిరాకు.

బయట, పెరట్లో మైకు పెడితే రాత్రి పది దాటకూడదు, 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు అదే చెబుతాయి. పండగ రోజులకు అర్ధరాత్రి దాకా సడలింపు ఇచ్చే అధికారం ప్రభుత్వానికి ఉంది కానీ అది ఏడాదికి 15 రోజులు మించదు, నీ ప్రోగ్రాంకు అది వర్తిస్తుందని ఆశపెట్టుకోకు. మైకు పెట్టేటట్టయితే పోలీస్ స్టేషన్‌లో ముందుగా అర్జీ ఇచ్చి అనుమతి కాగితం చేతిలో ఉంచుకో. సాయంత్రం ఐదున్నరకు మొదలుపెట్టి ఎనిమిదిన్నరకు ముగించు, పల్లెల నుంచి వచ్చినవాళ్ళకు ఆఖరి బస్సు కూడా దొరుకుతుంది.

తేదీ ఆషాఢంలో పెట్టుకో. ముహూర్తాలు ఉండవు, మేళాల వాళ్ళు, ఆర్కెస్ట్రా వాళ్ళు ఇళ్ళ దగ్గరే ఉంటారు, నాలుగు డబ్బులు వచ్చే పని అంటే సంతోషంగా వస్తారు. సౌండ్ సెట్ సగం రేటుకు దొరుకుతుంది, లాడ్జిలో గదులు ఖాళీ. వాళ్ళతో కూర్చుని మాట్లాడడానికి, పాత రికార్డింగులు వినిపించి పేర్లు సరిచూసుకోవడానికి కూడా ఏడాదిలో అంతకన్నా మంచి నెల లేదు. వాన ఒక్కటే ఇబ్బంది, కాబట్టి పెరడు వద్దు, హాలే. అదే వైశాఖంలోనో మాఘంలోనో పెట్టుకున్నావంటే నీకు డోలాయన దొరకడు, వ్యాను దొరకదు, వంటవాడు కూడా దొరకడు. హైదరాబాద్ బ్యాండ్‌కు మాట ఇచ్చేముందు పంచాంగం ఒకసారి తిరగెయ్యి. సన్నాయి మనుషుల కోసం పాలకొల్లు వైపు వెతుకుతానంటే ఇక్కడే రాయి, నా పుస్తకంలో ఉన్నవాళ్ళను అడిగి, వాళ్ళు సరేనంటే కలుపుతాను.